ఒడిశాలోని బరంపురంలో పాత పుస్తకాల షాపు: తరచుగా అడిగే ప్రశ్నలు

షాపుకొచ్చేవాళ్లు, ఫోన్ చేసేవాళ్లు, వాట్సాప్‌లో అటక ఫొటో పెట్టి "ఎంతొస్తుందండీ?" అనేవాళ్లు, రిటైరయ్యాక ఇలాంటి షాపే పెట్టుకుందామని కలలు కనేవాళ్లు. అందరూ అడిగేవి ఇంచుమించు ఇవే ప్రశ్నలు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా ఒకచోట రాసిపెడితే మేలనిపించింది. కొన్ని జవాబులు పొడుగ్గా ఉంటాయి, ఓపిక పట్టండి. కొన్నిటికి ఒక్క ముక్క చాలు.

మీ పని చూస్తే అసూయగా ఉందండీ. రోజంతా కూర్చుని చదువుకోవచ్చు కదా?

ఈ మాట అడగని మనిషి లేడు. చదువుకోవచ్చు, మిగతా పనులన్నీ తెమిలాక. పొద్దున్నే షట్టర్ ఎత్తగానే దుమ్ము దులపాలి. గోపాల్‌పూర్ వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి రోడ్డు దుమ్ము తోడై అట్టలకు అంటుకుపోతుంది. పొడిగుడ్డకు రాదు, తడిగుడ్డ పెట్టకూడదు. బ్రష్షుతో ఒక్కొక్కటే దులుపుకోవాలి. తర్వాత రాత్రి దింపిన మూటలు విప్పి వేరుచేయాలి: అరలోకి వెళ్లేవి, బైండింగుకు పంపాల్సినవి, మళ్లీ తూకానికే పోయేవి. తర్వాత గైడ్లలో పెన్సిల్ టిక్కులు రబ్బరుతో చెరపాలి. ఈలోగా కుర్రాళ్లు వస్తారు. "భాయి, ఆర్‌ఐ పరీక్షకు సెట్టుందా?" అని ఒకడు, "అంకుల్, అనాటమీ మూడు భాగాలూ కావాలి" అని ఇంకొకడు.

నేను రోజూ చదివేవి అట్ట, లోపలి టైటిల్ పేజీ, అచ్చు వివరాలు, ధర. అంతవరకే. షాపు పెడతానని ఉత్సాహపడేవాళ్లను ముందు ఒక మూట ఎత్తి పైఅంతస్తుకు మోయమంటాను. కాగితం ఎంత బరువో అప్పుడు తెలుస్తుంది. తర్వాత కూడా పెడతానంటే టీ పోసి కూర్చోబెట్టి మాట్లాడతాను.

పాత పుస్తకాల వాసన అంటే నాకు ప్రాణం. అదెందుకు వస్తుంది?

కలప గుజ్జుతో చేసిన కాగితంలో లిగ్నిన్ అనే పదార్థం ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ అది విరుగుతూ రకరకాల ఆవిర్లు విడుస్తుంది. వాటిలో వెనీలా వాసనకు కారణమైనదీ ఒకటుంటుంది. మీరు కళ్లు మూసుకుని పీల్చేది కాగితం నశించే వాసనన్నమాట. పేజీలు పసుపెక్కి పెళుసెక్కడం కూడా ఆ లిగ్నిన్, కాగితం తయారీలో వాడిన ఆమ్ల పదార్థాలు కలిసి చేసే పనే. ముక్కు మండించే మగ్గిన వాసన వేరు. అది బూజు. ఆ పుస్తకం షాపులోకే రానివ్వను. ఒక్కటి వస్తే అరంతా పాకుతుంది.

షాపు పెట్టాలంటే ఎంత పెట్టుబడి కావాలి?

అందరూ పుస్తకాలకు ఎంతవుతుందని అడుగుతారు. ఈ వ్యాపారంలో అన్నిటికన్నా చవకగా దొరికేది పుస్తకాలే. తినేసేది అద్దె. నాకు తెలిసిన లెక్క ఒక్కటే: నెల అద్దె, కరెంటు బిల్లు కేవలం పాఠ్యపుస్తకాలు, పోటీపరీక్షల పుస్తకాల మీదే రావాలి. నవలలు, కవిత్వం, పాత తెలుగు పుస్తకాల మీద వచ్చేది వస్తే రానీ అనుకోవాలి. ఆ లెక్క కుదరని చోట షాపు తీసుకోవద్దు. గేట్ బజారులో వీధి మొహాన ఉన్న చిన్న గది కన్నా కాలేజీలు, కోచింగ్ సెంటర్లున్న సందులో మేడమీద పెద్ద గది మేలు. పుస్తకం కావాల్సినవాడు మెట్లెక్కుతాడు.

అరలు ఇనపవి పెట్టుకోండి. చెక్క అరలు ఫొటోల్లో బాగుంటాయి. చెదలకు ఇంకా బాగుంటాయి.

పుస్తకాలు మీకు ఎక్కడినుంచి వస్తాయి?

ఎక్కువ భాగం కబాడీ బండ్ల మీద. వీధుల్లో తిరిగే బండివాడు ఇంటింటా పేపర్లు, సీసాలు, ఇనుము కొని సాయంత్రానికి గొడౌనుకు చేరుస్తాడు. గొడౌనులో కాగితమంతా బేళ్లు కట్టి లారీకెక్కిస్తారు. అది పేపరు మిల్లుకు పోతుంది. లారీ కదలకముందే మనం అక్కడుండాలి. నాకు పరిచయమున్న బండివాళ్లు ఒడియాలోనే ఫోన్ చేస్తారు: "భాయి, తెలుగు బహి ఆసిచి." తెలుగు పుస్తకాలొచ్చాయని. వాళ్లకు తెలుగు చదవడం రాదు, ఆ గుండ్రటి అక్షరాల తీరు చూసి పోలుస్తారు, అంతే. తూకం ధర కన్నా నాలుగు రూపాయలు ఎక్కువిస్తేనే ఆ ఫోన్ వస్తుంది. బేరమాడి రెండు రూపాయలు మిగుల్చుకున్నామా, మరుసటి మూట ఎటు పోయిందో కూడా తెలియదు.

రెండోది హాస్టళ్లు. పరీక్షలైపోయి గదులు ఖాళీ చేసే రోజుల్లో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ పిల్లలు, ఇంజనీరింగ్ పిల్లలు, యూనివర్సిటీ పిల్లలు సంచులతో దిగుతారు. షాపును నడిపేది ఈ సరుకే. మూడోది బదిలీలు: రైల్వేవాళ్లు, బ్యాంకువాళ్లు, సామాను లారీకెక్కించే ముందురోజు ఫోన్ చేస్తారు. నాలుగోది పెద్దవాళ్లు కాలం చేసిన ఇళ్లు. దాని సంగతి కింద చెబుతాను.

గ్రంథాలయం ముద్ర ఉన్న పుస్తకమైతే, దాని మీద "రద్దు" ముద్ర కూడా ఉంటేనే తీసుకుంటాను. లేకపోతే అది ఎవరో తిరిగివ్వకుండా దాచుకున్నదే.

మా తాతగారి పుస్తకాలు పెట్టెనిండా ఉన్నాయి. ఏం చేయమంటారు?

ముందు ఏం చేయకూడదో చెబుతాను. ఎండలో పరచకండి. చిరిగినచోట సెల్లోటేపు అంటించకండి. కొన్నాళ్లకు ఆ జిగురు కారి పేజీని గోధుమరంగు చేసి వదులుతుంది. "బాగున్నవి" మీరే ఏరి, మిగతావి పారేయకండి. బాగుండడమంటే మీకూ నాకూ ఒకటి కాదు. అట్ట ఊడిన పల్చటి పుస్తకానికి వచ్చే ధర ఒక్కోసారి బంగారురంగు అట్టల సెట్టుకు రాదు. వెన్నులు కనబడేలా వరసగా పేర్చి ఒక ఫొటో, అనుమానంగా ఉన్నవాటి టైటిల్ పేజీలు విడిగా ఒక్కొక్క ఫొటో పంపితే చాలు.

పెద్ద బజారు వైపు ఒక పాత ఇంటికి ఇలాగే వెళ్లాను. ఆ ఇంటి కోడలుగారు తలుపు తీసి, "మావయ్యగారివండీ. ఆయన ఉన్నన్నాళ్లూ ముట్టుకోనివ్వలేదు. ఇప్పుడు మా అబ్బాయి పెళ్లి, గది కావాలి," అన్నారు. ట్రంకు పెట్టె మూత ఎత్తగానే కలరా ఉండల వాసన గుప్పున కొట్టింది. పైన పంచాంగాలు, వాటి కింద బైండు చేయించిన పత్రికలు, అడుగున గుడ్డ అట్టల పుస్తకాలు. ఒకటి తీసి చూస్తే మొదటి పేజీ మూల నల్లసిరాతో పేరు, తేదీ, దాని కింద "మూర్ మార్కెట్, ఆరణాలు" అని రాసుంది. మద్రాసు మూర్ మార్కెట్ అంటే సెకండ్‌హ్యాండ్ పుస్తకాలకు పెట్టింది పేరు. 1985లో కాలిపోయింది. అంటే ఆ పుస్తకం అప్పటికే ఒకరి చేతిలో నలిగి, ఆరణాలకు అమ్ముడై, రైలెక్కి ఇక్కడికొచ్చింది. పేజీల అంచున గోరుతో నొక్కిన గుర్తులున్నాయి, పెన్సిల్ కూడా పెట్టని మనిషన్నమాట. కోడలుగారు నా మొహమే చూస్తూ, "విలువైనవేనాండీ?" అని అడిగారు.

ఈ ప్రశ్నకు జవాబు చెప్పడమే మా పనిలో అన్నిటికన్నా కష్టం. ఆ పెట్టెలో నేను కొన్నవి పాతికలోపే. మిగతావాటిలో ఎక్కువ రామాయణ, భారత, భాగవతాలు, వ్రతకథలు. ఇంటి పెద్ద పోయాక నవలలను తూకానికి ఇచ్చేస్తారు, దేవుడి పుస్తకాలను చిత్తుకాగితాలకు వేయడానికి మాత్రం ఎవరికీ చేతులు రావు. అందుకని అవన్నీ నా దగ్గరికొస్తాయి. వచ్చేవి వంద, అడిగేవాళ్లు ఇద్దరు. "గుడికిచ్చేయండి, లేదా చదివే ఇంటికి ఊరికే ఇచ్చేయండి" అంటాను. చాలామంది నొచ్చుకుంటారు. ఏం చేయను, అబద్ధమాడి కొంటే మూడునెలల్లో నా షాపే గుడవుతుంది.

మరీ ఇంత తక్కువ ఇస్తారేంటండీ? మీరు సగం ధరకు అమ్ముకుంటారు కదా!

లెక్క విప్పి చెబుతాను. అట్ట మీద నాలుగొందలున్న పాఠ్యపుస్తకం, తాజా ఎడిషన్, శుభ్రంగా ఉంటే వంద, నూట ఇరవై ఇస్తాను. రెండొందలకు అమ్ముతాను. మిగిలిన ఎనభైలో అద్దె, కుర్రాడి జీతం, బైండింగు ఖర్చు పోవాలి. పైగా కొన్నవన్నీ అమ్ముడవవు. కొత్త ఎడిషన్ వస్తే రాత్రికి రాత్రి తూకం సరుకైపోతాయి. అమ్ముడైన పుస్తకం అమ్ముడవని పుస్తకాన్ని కూడా మోయాలి.

పాత తెలుగు పుస్తకాలకు ఈ లెక్క నడవదు. అట్ట మీద మూడు రూపాయలుంటుంది, దాంట్లో సగమని ఎవరిస్తారు? వాటికి చూసేది మూడే: మళ్లీ అచ్చయిందా లేదా, పేజీలన్నీ ఉన్నాయా, నా దగ్గరికొచ్చే మనుషుల్లో దీన్ని అడిగే మనిషెవరైనా నాకు గుర్తొస్తున్నారా. మూడోది తేలకపోతే మొదటి రెండూ ఎంత బాగున్నా కొనను. ఈ వ్యాపారంలో డబ్బు మిగిలేది కొనే దగ్గరే. ఇంకా సూటిగా చెప్పాలంటే, వద్దనగలిగిన దగ్గర. పుస్తకాల మీద ప్రేమతో షాపు పెట్టినవాళ్లు మూతబడేది అమ్మడం రాక కాదు, ప్రతి పుస్తకాన్నీ కాపాడబోయి.

అయితే ఏవేవి కొనరు?

పాత లా పుస్తకాలు. 2024 జూలై 1న ఐపీసీ, సీఆర్‌పీసీ, ఎవిడెన్స్ యాక్టు పోయి భారతీయ న్యాయ సంహిత, నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య అధినియమ్ వచ్చాయి. ఆ పూటతో ఎర్రట్టల సెట్లన్నీ విలువ పోగొట్టుకున్నాయి. పాత కేసులు నడిపే ప్లీడర్లు తప్ప అడిగేవాళ్లు లేరు. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు అమ్మకపు పన్ను పుస్తకాలకూ ఇదే గతి పట్టింది. 1961 ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు కాబట్టి ఆ వరసా అంతే.

ఇంకా: పోయినేటి కరెంట్ ఎఫైర్స్, జవాబులు నింపేసిన వర్కుబుక్కులు, కంప్యూటరు కోర్సుల పుస్తకాలు, సిలబస్ మారిన స్కూలు పుస్తకాలు, విజ్ఞాన సర్వస్వాల సెట్లు. ఆఖరివి ఇంటి అద్దాల బీరువాలో ఉన్నంతకాలమే అందం.

బరంపురంలో తెలుగు పుస్తకాలు కొనేవాళ్లున్నారా అసలు?

ఉన్నారు. తగ్గుతున్నారు. రెండూ నిజమే.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమయ్యేదాకా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. చదువుకున్న తెలుగు ఇళ్లకు పుస్తకం మద్రాసు నుంచి వచ్చేది. అందుకే ఇక్కడి పాత పెట్టెల్లో మద్రాసు ప్రచురణకర్తలు వావిళ్లవారి అచ్చులు అంతగా కనిపిస్తాయి. పర్లాకిమిడి సంగతి చెప్పనక్కర్లేదు. వాడుకభాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు అది. ఆ ఊరు ఒడిశాలో కలిశాక ఆయన రాజమండ్రికి వెళ్లిపోయారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుతున్నారు కదా, ఆ వారం ఉపన్యాసాలిచ్చేవాళ్లు నా దగ్గరికి పరిగెత్తుకొస్తారు. మిగతా యాభై ఒక్క వారాలూ పత్తా ఉండరు.

ఇప్పటి సంగతి. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, ఉద్యోగానికి ఇంగ్లీషు. మాట్లాడేవాళ్లకు కొదవలేదు, పట్టుచీరల కొట్లలో రోజంతా తెలుగే వినబడుతుంది. చదివేవాళ్ల దగ్గరే చిక్కంతా. బడిలో ఒడియానో ఇంగ్లీషో చదువుకున్న పిల్లలకు మన లిపి రాదు. తాతగారు నవల కొంటే మనవడు దాని వెన్ను మీది పేరు కూడా కూడబలుక్కోలేడు.

కొనేవాళ్లలో మొదటివాళ్లు రిటైరైన మాస్టార్లు, గుమస్తాలు. వీళ్లు ఒక్కటి కొని, చదివి, తెచ్చిచ్చి ఇంకోటి పట్టుకెళతారు. నాకు వీళ్ల మీద వచ్చేది టీ ఖర్చుకు చాలదు, కానీ ఏ పుస్తకం ఏమిటో చెప్పేది వీళ్లే. తర్వాత సరిహద్దు అవతలివాళ్లు. ఇచ్ఛాపురం, సోంపేట, పలాస నుంచి ఆసుపత్రి పని మీదో పెళ్లిబట్టలకో వస్తారు, రైలుకు టైముంటే మెట్లెక్కుతారు. "ఏటండీ, మా ఊళ్లో లేని తెలుగు పుస్తకాలు ఈడ ఉన్నాయేటి!" అని ఆశ్చర్యపోతారు. ఇక పరిశోధన చేసేవాళ్లు, దూరదేశాల్లో ఉండి అమ్మ చదివిన ఎడిషనే కావాలనేవాళ్లు. వీళ్లు ఏడాదికి నలుగురైదుగురొచ్చినా గట్టిగా కొంటారు.

మా షాపులో తెలుగు గోడకయ్యే అద్దె ఎదుటిగోడ మీది నర్సింగు, నీట్, రైల్వే గైడ్లే కడుతున్నాయి. అది నాకిష్టమయ్యే చేస్తున్నాను. ధర్మకార్యమని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోను. ఎదుటిగోడకొచ్చిన కుర్రాడికి ఈ గోడ కూడా కనబడుతుంది, అంతే.

చందమామలున్నాయా?

ఉంటే మీరు అడిగేదాకా ఉండవు. తెలుగు చందమామ 1947 జూలైలో మొదలైంది. దానికే ఒడియా తమ్ముడు జహ్నమామూ 1956 నుంచి వచ్చింది. బొమ్మలు అవే, కథలు అవే, అక్షరాలే వేరు. ఈ జిల్లాలో చాలా ఇళ్లలో రెండూ వచ్చేవి, తల్లికి ఒకటి, పిల్లలకొకటి. ఒకే నెల సంచికలు రెండు భాషల్లోనూ జతగా దొరికితే విడగొట్టి అమ్మను.

ఎందుకంటే ఆ జతను ఒక అమ్మాయి పాఠ్యపుస్తకంగా వాడుకుంది. బ్యాంకు ఉద్యోగి, ఇంట్లో తెలుగే, చదవడం ఒడియా మాత్రమే. రెండు సంచికలూ బల్ల మీద పక్కపక్కన పరిచి, ఒకే బొమ్మ కింద ఒడియా వాక్యం చదివి, తెలుగు వాక్యం మీద వేలు పెట్టి, "అన్నయ్యా, ఇది 'రాజు' కదూ? మరి ఈ కొమ్మేంటి?" అని అడుగుతూ షాపులోనే మధ్యాహ్నాలు గడిపింది. గుణింతాలు రాసే పెద్దబాలశిక్ష కూడా ఇచ్చాను గానీ దాన్ని పట్టించుకోలేదు. కథలో తర్వాత ఏమవుతుందన్న ఆత్రం లేనిదే అక్షరం ఎక్కదు కాబోలు. ఇప్పుడు నవలలు పట్టుకెళుతోంది, నెమ్మదిగానే అయినా.

ధరంటారా: అట్టా లోపలి పేజీలూ పూర్తిగా ఉన్న యాభైల, అరవైల సంచికలకు గిరాకీ బాగా ఎక్కువ. ఎనభైల తర్వాతివి మామూలు ధరే. పిల్లలు పూర్తిచేసిన పజిళ్లు, రంగులద్దిన బొమ్మలు ఉంటే తగ్గుతుంది. నాకు మాత్రం అవే ఇష్టం.

సంవత్సరం వేయని పుస్తకం ఎప్పటిదో ఎలా పోలుస్తారు?

ధర చూడండి. "రూ. 1-8-0" అని మూడు అంకెలుంటే రూపాయి-అణా-పైల కాలం, అంటే 1957 ఏప్రిల్‌కు ముందుది. "న.పై." అని ఉంటే నయాపైసలు, 1957కూ 1964కూ మధ్య. చిరునామాలో ఆరంకెల పిన్‌కోడుంటే 1972 ఆగస్టు 15 తర్వాతది. మద్రాసు బదులు చెన్నై అని ఉంటే 1996 తర్వాతది. మా వైపు రబ్బరు ముద్రలు కూడా సాక్ష్యం చెబుతాయి: "గంజాం జిల్లా, మద్రాసు ప్రెసిడెన్సీ" అని ఉంటే ఆ పుస్తకం 1936కు ముందే ఈ ఊరు చేరింది.

కొన్నిటిలో తెలుగు సంవత్సరం పేరు మాత్రమే ఉంటుంది. అరవయ్యేళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుంది కాబట్టి "ప్రభవ" అంటే 1867 కావచ్చు, 1927 కావచ్చు, 1987 కావచ్చు. కాగితం ముట్టుకుంటే ఏదో తేలిపోతుంది.

ఇంట్లో తాళపత్రాలు దొరికాయి. కొంటారా?

కొనను. మీరూ ఎవరికీ అమ్మకండి. డెబ్బై అయిదేళ్లు దాటిన, సాహిత్య, శాస్త్ర, చరిత్ర విలువున్న రాతప్రతి 1972 పురావస్తువుల చట్టం కిందికొస్తుంది. లైసెన్సు లేకుండా దాని వ్యాపారం చేయకూడదు, దేశం దాటించకూడదు. గంజాంలో తాటాకు కట్టలు ఇంకా చాలా ఇళ్ల దూలాల మీద ఉన్నాయి. వాటికి కొబ్బరినూనె రాయకండి, తాడు విప్పి వరస తప్పించకండి. భువనేశ్వర్‌లోని ఒడిశా స్టేట్ మ్యూజియంలో తాళపత్రాల పెద్ద భాండాగారముంది. వాళ్లకు ఫోన్ చేయండి.

తుపాన్లలో పుస్తకాలు ఎలా కాపాడుకుంటారు? మా ఇంట్లో తడిసినవి బాగుపడతాయా?

ఈ తీరంలో అక్టోబరు అంటేనే గుండెల్లో దడ. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి, గంజాం జిల్లాలను ముంచింది. అందుకని దసరా ముందే సర్దుకుంటాం. కింది అర నేలకు అడుగు ఎత్తున ఉండాలి. అరకూ గోడకూ మధ్య నాలుగువేళ్ల సందుండాలి, గోడ చెమ్మ పుస్తకానికి తగలకుండా. కిటికీ పక్క అరలకు టార్పాలిన్ సిద్ధంగా ఉంచుతాం. కరెంటు రోజుల తరబడి లేకపోతే వానకన్నా ఆ ఉక్కే ఎక్కువ నాశనం చేస్తుంది.

తడిసిన పుస్తకానికి మీ చేతిలో ఉండేది దాదాపు రెండు రోజులు. ఆ తర్వాత బూజు పడుతుంది. బలవంతంగా తెరవకండి. నీరు కారనిచ్చి, నిలబెట్టి, కొద్దిగా విచ్చుకునేలా ఫ్యాను గాలికి పెట్టండి. ప్రతి ఇరవై ముప్పై పేజీలకొక తెల్లకాగితం దూర్చి, అది చెమ్మ పీల్చగానే మార్చండి. ఎండలో పెడితే అట్ట వంకర్లు పోతుంది. ఎక్కువ పుస్తకాలు ఒకేసారి తడిసి చేతులు చాలకపోతే, పాలిథీన్ కవర్లలో చుట్టి డీప్‌ఫ్రీజర్‌లో పెట్టేయండి. గడ్డకట్టినన్నాళ్లూ బూజు రాదు, తీరిక చూసుకుని ఒక్కొక్కటే ఆరబెట్టుకోవచ్చు. నున్నటి ఆర్టుపేపరు పుస్తకాలైతే ఆరేలోపు పేజీలు అతుక్కుపోతాయి, వాటి మీద ఆశ పెట్టుకోకండి.

పురుగుల సంగతీ ఇక్కడే చెప్పేస్తాను. కొత్తగా వచ్చిన మూటను నేరుగా అరల్లోకి పంపను. విడిగా సంచిలో మూతికట్టి కొన్నాళ్లు ఉంచి చూస్తాను. గోడ మీద సన్నటి మట్టిగీత కనిపిస్తే చెదలు దారి వేసినట్టే, ఆ పూటే మనిషిని పిలవాలి. ఎండు వేపాకు పెట్టొచ్చు, దాని మీదే భారం వేయకండి.

జిరాక్సు కాపీలు, ఫుట్‌పాత్ కాపీలు పెడతారా?

పెట్టను. అసలు పుస్తకాన్ని కొన్నవాళ్లు మళ్లీ అమ్ముకోవడం చట్టబద్ధమే, మా వ్యాపారమంతా దాని మీదే ఉంది. దొంగ అచ్చు 1957 కాపీరైట్ చట్టం ప్రకారం నేరం. మెడికల్ పిల్లలు స్పైరల్ బైండింగ్ కట్టలు తెచ్చి "చవకగా ఇచ్చేస్తాం అంకుల్" అంటారు. తిరిగి పట్టుకెళ్లమంటాను. కాపీరైటు రచయిత పోయాక అరవయ్యేళ్లదాకా ఉంటుంది. అది దాటిన పాత తెలుగు పుస్తకాలు, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసినవి, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వేలల్లో ఊరికే దొరుకుతున్నాయి. చదువుకోవడానికే అయితే ముందు అక్కడ వెతుక్కోమని నేనే చెబుతాను.

జీఎస్టీ, లైసెన్సుల గొడవ ఉంటుందా?

అచ్చు పుస్తకాల మీద జీఎస్టీ లేదు, పాతవైనా కొత్తవైనా. పుస్తకాలే అమ్మితే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. పెన్నులు, బ్యాగులు కూడా పెడితే లెక్క మారుతుంది, ఆడిటరును అడగండి. కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్సు మాత్రం తీసుకోవాలి.

బయటి ఊళ్లకు పంపుతారా?

పంపుతాం, డబ్బు ముందు వేస్తే. చాలాకాలం రిజిస్టర్డ్ బుక్‌పోస్టు మా ప్రాణం, అది తీసేశారు. 2025 మే 1 నుంచి తపాలాశాఖ జ్ఞాన్ పోస్ట్ అని పెట్టింది: 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకు 100 రూపాయలు, పన్ను అదనం. ప్యాకెట్ ఎక్కడుందో చూసుకోవచ్చు. ప్రకటనలుండే పత్రికలు దాంట్లో వెళ్లవు కాబట్టి చందమామలకు మామూలు పార్సిల్ ఛార్జీ పడుతుంది. ప్యాకింగు రెండు పొరలు: లోపల పాలిథీన్, బయట అట్ట. మూలలు నలిగితే ఫొటో పంపండి, మాట్లాడుకుందాం.

బేరం ఆడొచ్చా?

ఆడండి. బోణీ వేళ మాత్రం వద్దు. పుస్తకం వెనక మూల పెన్సిల్‌తో రాసిన ధర కన్నా పదో ఇరవయ్యో తగ్గుతుంది. చదువుకునే పిల్లలకు ఇంకాస్త.

అద్దెకిస్తారా?

ఇవ్వం. కొని, చదివి, పాడుచేయకుండా తెస్తే సగం డబ్బు తిరిగిస్తాం. అదే అద్దె అనుకోండి.

పుస్తకాల్లో ఏమైనా దొరుకుతుంటాయా?

రైలు టికెట్లు, ఎండిన తులసి, రద్దయిన ఐదొందల నోటు, సినిమా హాలు చీటీలు, శుభలేఖలు. ఉత్తరాలు దొరికితే చదవను. ఇల్లు తెలిస్తే పంపిస్తాను. ఒకసారి ఒకాయన "మా నాన్నగారి చేతిరాతేనండీ" అని ఉత్తరం పుచ్చుకుని, పుస్తకం కూడా తిరిగి కొనుక్కెళ్లాడు, నేనిచ్చిన దానికన్నా ఎక్కువ పెట్టి. వద్దన్నా వినలేదు.

నిజం చెప్పండి, దీనిమీద బతకొచ్చా?

ఒక్క మనిషి, సొంత గది, గైడ్ల సీజను జూన్ నుంచి ఆగస్టు దాకా గట్టిగా నడిచే చోటు అయితే బతకొచ్చు. పిల్లల చదువులు, ఇంటి అద్దె కూడా దీని మీదే అంటే ఇంట్లో ఇంకో జీతం ఉండాలి. మాకుంది. మా ఆవిడ టీచరు. సెకండ్‌హ్యాండ్ పుస్తకాల షాపుల గురించి తియ్యగా రాసేవాళ్లెవరూ ఈ ముక్క రాయరెందుకో.

షాపు ఎప్పుడు తెరిచి ఉంటుంది?

పొద్దున్న పదిన్నర నుంచి ఒంటిగంట, సాయంత్రం నాలుగున్నర నుంచి తొమ్మిది. ఆదివారం ఒక్కపూట. గొడౌనుకు లారీ వచ్చే రోజు పొద్దున్న తీయను, ఫోన్ చేసి రండి. రెండేళ్లకోసారి వచ్చే అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్రకు సాయంత్రాలు మూసేస్తాం, వీధంతా వేషాలతో నిండిపోతుంది, మెట్ల దగ్గరికి కూడా రాలేరు. పుస్తకాలు అమ్మడానికి తెచ్చేవాళ్లు మధ్యాహ్నం ముందు రండి, వెలుతురులో అయితేనే బూజు కనబడుతుంది.